పక్కన పెట్టిన పేరు

నా చిన్నప్పుడు, ఎడిన్‌బర్గ్‌లోని మా ఫ్లాట్‌లో ఒక పేరు ఎవరూ పలికేవారు కాదు. అది మా చెల్లి పేరు. తను నడక రాకముందే హాస్పిటల్‌లో పోయింది. నాకు ఏడుపు రాలేదు. స్కూల్‌కి వెళ్లాను, వచ్చాను, పెట్టింది తిన్నాను.

తర్వాత అమ్మకి ఇంకో పాప పుట్టింది. పోయిన పిల్లే తిరిగి వచ్చిందని, ఆ పేరే పెట్టమని కర్నూలు నుంచి నానమ్మ రోజూ ఫోన్‌లో చెప్పేది. నాన్న సరేనన్నాడు. అమ్మ పాపని ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. బారసాల ఆదివారం అనుకున్నారు.

ముందురోజు పెదనాన్న నన్ను సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లాడు. ఏ నేల కింద ఏ రాయి ఉందో మ్యాపులు గీయడం ఆయన ఉద్యోగం. రాళ్లు కొట్టడానికి లండన్ దాకా పోవాల్నా అని, ఈ దేశమంతటినీ లండన్ అనే నానమ్మ ఆయన్ని ఎగతాళి చేసేది. ఎర్రటి కొండచరియ దగ్గర ఆగి, రాతిపొర ఏ ఊరి దగ్గర బాగా కనిపిస్తే దానికి ఆ ఊరి పేరు పెడతారని చెప్పాడు. ఈ పొరకి ఉత్తరం వైపు ఒకరు, దక్షిణం వైపు ఒకరు వేర్వేరు పేర్లు పెట్టేశారట. రెండూ ఒకటే రాయి అని ఇప్పుడు తేలింది. ముందు పెట్టిన పేరు ఉంచి, రెండోదాన్ని పక్కన పెడుతున్నారు.

మిగిలిన పేరు ఇంకో రాయికి పెట్టుకోవచ్చా అని అడిగాను.

"పెట్టకూడదురా. పాత మ్యాపులో ఆ పేరు చూసినోడు ఏ రాయి అనుకోవాల?"

మరి ఆ పేరు పోయినట్టేనా అన్నాను. పోదట. కొత్త మ్యాపుతో వచ్చే పుస్తకంలో కూడా, ఒకప్పటి పేరని రాసి ఉంచుతారట. తర్వాత చిప్స్ కొనిపెట్టాడు. గాలికి చల్లారిపోయాయి. తిన్నాను.

సాయంత్రం వీడియో కాల్‌లో నానమ్మ పాపని ఆ పేరుతో పిలిచింది. నేను ఫోన్ ముందుకి వెళ్లాను.

"నానమ్మా, అది చెల్లి పేరు. పాపని కూడా అట్లే పిలిస్తే నేను ఎవర్ని అనుకోవాల?"

పెదనాన్న టీ కప్పులోకి చూశాడు. ఈ రాళ్ల మాటలు నీకెవరు నేర్పినారో నాకు తెలుసులే అంది నానమ్మ. అమ్మ పాపని ఇంకో భుజం మీదకి మార్చుకుని, ఆ పేరు ఒకసారి పైకి పలికింది. చాలా రోజుల తర్వాత అమ్మ నోట విన్నాను.

"అది దానికే ఉండనీ అత్తా."

ఆదివారం పాపకి వేరే పేరు పెట్టారు. అప్పుడూ నాకు ఏడుపు రాలేదు.

ఇప్పుడు ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊళ్లో సాఫ్ట్‌వేర్ రాస్తాను. కోడ్‌లో వాడకం ఆపేసిన పేరుని కొత్తదానికి పెట్టనివ్వనని టీమ్‌లో నవ్వుతారు. చెల్లెళ్లు ఎంతమంది అని ఎవరైనా అడిగితే ఇద్దరంటాను. రెండు పేర్లూ చెబుతాను, పెద్దదాని పేరు ముందు.