మిగిలిన పోగు

గద్వాలల మా ఇంటి మగ్గం ఊకె ఉన్న దినాలు నా చిన్నప్పుడు రెండే నాకెరుక. ఒకటి మా తాత పోయిన దినం. రెండోది నా చెయ్యి ఊరుకోక వచ్చింది.

అప్పటికి నాకు తొమ్మిదో పదో ఏండ్లు. నాయన, చిన్నాయన ఒక్క మగ్గం మీదనే నేసేటోళ్లు. మా చీర ఒక్కరితోని కాదు, ఒకరు నడుమ నేస్తుంటే ఇంకొకరు పక్కన కూసొని అంచు చూడాలె. పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అయిపోవస్తే కొత్త పడుగు పోగులను పాత పోగులకు ఒక్కొక్కటే అతకాలె. అది అమ్మ, చిన్నమ్మల పని. వేళ్లకు బూడిద అద్దుకొని ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు మొదలువెట్టి, మెలిపెట్టుకుంట నడిమికి వస్తరు. వేల పోగులు, నడుములు పడిపోయే పని.

ఆ దినం చిన్నమ్మ నీళ్లకు పోయింది, అమ్మ పొయ్యి మీది పప్పు చూసొస్తనని లేచింది. నేను ఊరుకుంటనా? పెద్ద పనిమంతురాలి లెక్క ఆమె జాగల కూసున్న. నాది ఎడమచెయ్యి వాటం. నాలుగు మెలికలు పెట్టిన్నో లేదో అమ్మ అడుగుల చప్పుడైంది. ఆ కంగారుల రెండు కొత్త పోగులను ఒక్క పాత పోగుకే మెలేసి దిగ్గున లేచిన.

తోడికోడండ్లు ఇద్దరూ నడిమికి వచ్చేసరికి కొత్త పోగులన్నీ అయిపోయినయి, పాత పోగు ఒకటి జత లేకుండ మిగిలింది. నీ దిక్కు తప్పంటే నీ దిక్కని మొదలైంది. జరసేపటికి పోగు ముచ్చట పక్కకు పోయి, ఎన్నడో మనసుల పెట్టుకున్న మాటలన్నీ బయటవడ్డయి. మర్నాడు పొద్దుగాల చిన్నమ్మ బట్టలు మూటగట్టి పెద్దమందడిల తల్లిగారింటికి పోతనన్నది. చిన్నాయన వేరు పడదామన్నడు, నాయన సరే అన్నడు. ఒక్క మగ్గాన్ని ఎట్ల పంచుకుంటరో ఇద్దరికీ తెల్వదు. నేనే చేసిన్నని చెప్పాలె. కని గుంజ చాటుకు జరిగిన.

లొల్లి విని పక్కింటి అవ్వ వచ్చింది. ఆమె కిరస్తానీ. అక్షరం ముక్క రాదు. ఆదివారం చర్చి నుంచి వచ్చినంక నాతోని బైబిలు చదివించుకొని కండ్లు మూసుకొని వినేది. మా వాడల ఎవరికి పరేషాన్ వచ్చినా అవ్వ తానకే పోయేటోళ్లు. నీకెంత తెలివి అవ్వా అంటే, నాది కాదు, దేవున్ని అడుక్కొని తెచ్చుకున్నదనేది. దాన్ని బుద్ధివాక్యమనే వరం అంటరని వాళ్ల పాస్టరయ్య చెప్పిండట. దేవుడు ఆమె చెవుల అందరి గుట్టూ చెప్తడని నేననుకునేదాన్ని. అందుకే, ఇద్దరి మాటలూ విని, మగ్గం పక్కన కూసొని, కొంగు తలమీదికి లాక్కొని ఆమె కండ్లు మూసుకోంగనే నా పానం పోయినంత పనైంది. ఇగ నా పేరే వస్తదనుకున్న.

చానసేపటికి కండ్లు తెరిచింది.

"ఎవరిదని అడగకుండ్రి. రెండు దిక్కులా అన్నీ విప్పి మళ్ల అతకుండ్రి, ఎవరి దిక్కు వాళ్లే. తప్పు కండ్లవడితే సరిచేసుకోండ్రి, నోరు మాత్రం తెరవకుండ్రి."

ఒక దినమంత పని మట్టిగలిసినట్టే. నాయన గొణిగిండు, కని అవ్వకు ఎదురు చెప్పలే. ఇదయినంక పోతనని చిన్నమ్మ మూట పక్కన పెట్టి కూసున్నది. విప్పుకుంట పోతున్న అమ్మ చెయ్యి ఒక్కకాడ ఆగింది. ఆ మెలిల కొత్త పోగులు రెండున్నయి, అది ఉల్టా తిరిగున్నది. ఇంట్ల ఎడమచెయ్యి వాటం నాదొక్కదానిదే. అమ్మ ఆ మెలిని చూసింది, గుంజ పట్టుకొని నిలవడ్డ నన్ను చూసింది. చూసి, దాన్ని విప్పి తర్వాతి పోగు అందుకున్నది.

మళ్ల నడిమికి వచ్చేసరికి పోగు మిగలలే. "నా దిక్కే తప్పు పోయుంటదిలే అక్కా" అన్నది చిన్నమ్మ. ఎవరి దిక్కైతే ఏంది, సరిపోయింది గద అన్నది అమ్మ. మూట విప్పిన్రు. తెల్లారి మగ్గం చప్పుడు విని నేను దుప్పట్ల ఏడ్చిన.

ఆదివారం బైబిలు చదువుకుంట నడుమల ఆపి, ఆ తప్పు నాదే అవ్వా, నీ దేవుడు నీకెందుకు చెప్పలే అని అడిగిన. ఆమె నా తల నిమిరింది.

"చెప్తడేమోనని నాకూ భయమైంది బిడ్డా. పేరు నాకు చెప్పకు, ఇల్లు నిలవడే తొవ్వ చెప్పు సాలని అడిగిన."

చిన్నమ్మకు నా పెండ్లయినంక నేనే చెప్పుకున్న. ఆమె నవ్వి నా ఎడమచేతి మీద ఒక్కటేసింది. అవ్వ పోయి చాన ఏండ్లయింది. అంత నిమ్మళం మనిషిని మళ్ల చూడలే. నేను మొక్కే దేవుడు వేరే. కని ఇప్పుడు నా కోడండ్లు మొఖాలు మాడ్చుకొని నా ముందరికి వస్తే, ఎవరు చేసిన్రే అనే మాట నాలిక మీదికి రానే వస్తది. అప్పుడు కొంగు తలమీదికి లాక్కుంట. పేరు నాకు చెప్పకు సామీ అనుకుంట.