మాస్టారికి రాని మడత

సుభాష్ మాస్టారు ఏదైనా కొంటానంటే షైనీకి ముందు నవ్వొస్తుంది, ఆ తర్వాత నీరసమొస్తుంది. ఇంట్లోకి ఫ్రిజ్ రావడానికి రెండు వేసవులు పట్టింది. మిక్సీ కొనే ముందు రాజోలులో తెలిసినవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి, ఎవరి మిక్సీ ఎంత గోల చేస్తుందో చెవులారా విని వచ్చాడు. అంతదాకా ఎందుకు, పెళ్ళిచూపులకే మూడుసార్లు వచ్చాడు మహానుభావుడు. మూడోసారి షైనీ వాళ్ళ నాన్న ఇక ఉండబట్టలేక, "బాబూ, మా అమ్మాయి పోయిన వారం ఎలా ఉందో ఈ వారమూ అలాగే ఉందండీ" అనేశాడు. అలాంటి మనిషి ఏప్రిల్ నెలలో ఓ ఆదివారం చర్చి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, "టెంటు కొందాం షైనీ" అన్నాడు.

దానికి కారణం కూతురు బ్లెస్సీ. పదో తరగతి పరీక్షలు అయిపోయాయి కదా, ఏం కావాలో చెప్పమంటే ఫోన్ అడుగుతుందని మొగుడూ పెళ్ళాలిద్దరూ భయపడుతూ కూర్చున్నారు. అది మాత్రం, "మనం నలుగురం సముద్రం ఒడ్డున టెంటేసుకుని ఒక్క రాత్రి పడుకుందాం నాన్నా" అంది. జూన్ రాగానే ఇంటర్మీడియట్‌కి విజయవాడ వెళ్ళిపోతుంది. అక్కడ హాస్టల్. మళ్ళీ ఇంటికి రావాలంటే పండగో, జ్వరమో రావాలి.

"అంతర్వేదిలో మంచి గది తీసుకుందామే" అన్నాడు సుభాష్.

"గదులు హాస్టల్లో ఉంటాయిగా నాన్నా" అంది బ్లెస్సీ.

సరే, టెంటు వేట మొదలైంది. బడిలో సైన్సు చెప్పే మనిషి కదా, ఇంట్లోనూ ప్రయోగాలే. రోజూ అన్నం తిన్నాక ఫోన్‌లో టెంట్లు చూడడం, చూసినదానికల్లా ఓ వంక పెట్టడం. ఇది చవక గానీ కిటికీలకి జాలీ లేదు, మే నెల ఉక్కకి ఉడికిపోతాం. దీనికి జాలీ ఉంది గానీ కర్రలు ఎక్కువ, నిలబెట్టేసరికి తెల్లారిపోతుంది. అది బాగానే ఉంది గానీ గుమ్మం మరీ కిందకి ఉంది, అమ్మ మోకాళ్ళు వంగవు. అమ్మంటే జ్ఞానమ్మ. టీచరుగా చేసి రిటైరైంది గానీ గొంతు మాత్రం ఇంకా రిటైరవ్వలేదు.

ఒక సాయంత్రం షైనీ ఆసుపత్రిలో నర్సు డ్యూటీ ముగించుకుని ఇంటికొచ్చేసరికి, హాల్లో గచ్చు మీద సుద్దముక్కతో పెద్ద గీతలు గీసి ఉన్నాయి. ఆ గీతల మధ్య అత్తగారు వెల్లకిలా పడుకుని ఉంది. పక్కన బ్లెస్సీ పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"నలుగురికి సరిపోతుందని రాస్తాడు షైనీ, అది నమ్మకూడదు. నువ్వూ రా, పడుకో, చూద్దాం" అన్నాడు సుభాష్.

"చేతులైనా కడుక్కోనివ్వండి నన్ను!"

"ఒరేయ్, బతికుండగానే కొలతలు తీస్తున్నావేంట్రా నాకు?" అంది జ్ఞానమ్మ, లేవకుండానే.

షైనీ చేతులు కడుక్కొచ్చి అత్తగారి పక్కన ఒరిగింది. అటు బ్లెస్సీ పడుకుంది. చివర్న సుభాష్ పడుకున్నాడు గానీ సగం మనిషి గీత బయటే ఉండిపోయాడు. ఇదీ చాలదని తేల్చి, గీతలు చెరిపి కొత్తవి గీశాడు. అలా మే నెల సగమైపోయింది. సుద్దగీతలు మారుతున్నాయి తప్ప టెంటు రావడం లేదు. బ్లెస్సీ హాస్టల్ పెట్టె మాత్రం వచ్చేసింది, బకెట్ వచ్చేసింది, పరుపు కూడా వచ్చేసింది. అవన్నీ ఒక్క పూటలో కొనేసింది షైనీ. ఇక ఈయన్ని నమ్ముకుంటే పిల్ల టెంటు చూడకుండానే బస్సెక్కేస్తుందని ఆమెకి నిజంగానే గుబులు పట్టుకుంది.

"ఏమండీ, ఈ శనివారం అమలాపురం వెళ్తున్నాం. ఉన్నవాటిలో ఒకటి కొంటున్నాం. మళ్ళీ శనివారం పడుకుంటున్నాం. అంతే" అంది.

"ఆయ్" అన్నాడు సుభాష్. కోపమొచ్చిన షైనీతో ఆయన అంతకు మించి ఎప్పుడూ మాట్లాడడు.

అమలాపురంలో గొడుగులూ రెయిన్‌కోట్లూ సంచులూ అమ్మే సత్తిబాబు కొట్లో రెండు రకాల టెంట్లున్నాయి. మొదటిది కర్రలది. దాన్ని నిలబెట్టడానికి సుభాష్ కొట్టు మధ్యలో కుస్తీ పట్టాడు. ఈ మూల లేస్తే ఆ మూల పడిపోతోంది. వచ్చినవాళ్ళు బేరం మానేసి చూస్తూ నిలబడ్డారు.

"మాస్టారూ, మీరాగండి" అని సత్తిబాబు గుండ్రటి సంచి ఒకటి తెచ్చాడు. "ఇందులో కర్రలు గుచ్చే పనే లేదండీ. తీసి అలా విసిరేయండి. అదే విచ్చుకుంటాది."

సుభాష్ విసిరాడు. గాల్లోనే ఫట్టున విచ్చుకుని, గొడుగుల వరసంతా పడగొట్టి, నీలం రంగు టెంటు ఒకటి కొట్టు నిండా కూర్చుంది. బ్లెస్సీ చప్పట్లు కొట్టింది. జ్ఞానమ్మ ఎవర్నీ అడగలేదు. టెంటు గుమ్మానికి వీపు పెట్టి మెల్లిగా కూలబడి, కూర్చున్నది కూర్చున్నట్టే వెనక్కి జరుగుతూ లోపలికి వెళ్ళిపోయింది. జాలీ కిటికీకి ముఖం ఆనించి, "గాలి బాగానే వస్తుంది. రేటు కూడా పర్లేదు. నేనింక బయటికి రాను, కట్టేయమని చెప్పు" అంది.

అలా మాస్టారి జీవితంలో మొట్టమొదటిసారి ఒక వస్తువు ఒక్క పూటలో కొన్నారు. "అయితే మడత పెట్టడమే కొంచెం తిరకాసండీ. ఉండండి, మీకు నేర్పుతాను" అన్నాడు సత్తిబాబు. ఆ పని అయ్యేలోగా ఆడవాళ్ళు ముగ్గురూ పక్కన సోడా తాగడానికి వెళ్ళారు. ఎంతకీ రాలేదు ఈయన. చివరికి చొక్కా అంతా చెమటతో తడిసిపోయి, గుండ్రటి సంచి భుజాన వేసుకుని వచ్చాడు.

అనుకున్న శనివారం ఎండ చల్లబడ్డాక అంతర్వేది దాటి, సముద్రం పక్కన సరుగుడు తోట చేరారు. ఆ తోట మంగరాజుది. పడవలున్న మనిషి, ఆయన కొడుకు మాస్టారి దగ్గరే చదివాడు. తోటలో పడుకుంటామని ఫోన్ చేసినప్పుడు ఆయన సరేనన్నాడు గానీ, వేళాకోళం ఆడుతున్నారనే అనుకున్నాడట. టెంటు విచ్చుకోవడం చూసేసరికి గుండెలు బాదుకున్నంత పని చేశాడు.

"మా ఇల్లుండగా గుడ్డ కింద పడుకోవడమేంటండీ మాస్టారూ! ఊళ్ళో నన్నేమనుకుంటారు? మేం పోయేమనుకున్నారా?"

"పాప ముచ్చటండీ మంగరాజు గారూ" అంది షైనీ.

"పాప ముచ్చటే, కాదంటానా! మరి మా ముచ్చట?"

ఆయన ముచ్చట కాసేపట్లోనే నడిచొచ్చింది. ముందు రెండు మడత మంచాలు, వెనక నాలుగు దిళ్ళు, ఆ వెనక మంగరాజు భార్య కనకమ్మ నెత్తిన చేపల పులుసు గిన్నె. రొయ్యల వేపుడు వేరే. షైనీ ఎంతో ఇష్టంగా సర్దుకొచ్చిన బ్రెడ్డూ ఉడికించిన గుడ్లూ ఉన్న డబ్బా మూత కూడా తియ్యలేదు. కొసరి కొసరి వడ్డించి, ఇంకో ముద్ద, ఇంకో ముద్ద అంటూ కనకమ్మ వాళ్ళని కదలలేకుండా చేసింది. మంచాలు వద్దని బతిమాలి పంపించేసరికి తాతలు దిగొచ్చారు. ఆఖరికి నలుగురూ టెంటులో చేరారు. సుద్దగీతల లెక్క తప్పలేదు, అందరూ పట్టారు.

తెల్లవారుజామున షైనీకి మెలకువ వచ్చింది. సముద్రం హోరు వినిపిస్తోంది, అత్తగారి గురక వినిపిస్తోంది. బ్లెస్సీ బోర్లా పడుకుని జాలీలోంచి బయటికి చూస్తోంది. సుభాష్ కూర్చుని కూతుర్ని చూస్తున్నాడు.

"నాన్నా, హాస్టల్ గదిలో ఎంతమందుంటారు?"

"ఇంతకంటే కొంచెం ఎక్కువమ్మా."

"మామ్మలా గురకపెట్టేవాళ్ళుంటే బాగుణ్ణు. అలవాటైపోయింది" అంది బ్లెస్సీ.

సుభాష్ నవ్వాడు. నవ్వి, ముఖం తిప్పుకుని కళ్ళజోడు తుడుచుకున్నాడు. షైనీ నిద్రపోతున్నట్టే కళ్ళు మూసుకుంది, లేకపోతే తను కూడా ఏడ్చేసేది.

పొద్దెక్కాక అసలు తమాషా జరిగింది. టెంటు మడత పడదే! సుభాష్ రెండు చేతులతో వంచి, మెలిపెట్టి, మీద కూర్చున్నాడు. లేవగానే అది ఫట్టుమని విచ్చుకుని ఆయన్ని ఇసకలో దొర్లించింది. మంగరాజు ఒక చెయ్యి వేశాడు. ఆయన పడవ మనుషులు తలో చెయ్యి వేశారు. ఎవరెన్ని చేసినా టెంటు మళ్ళీ బోర విరుచుకుని నిలబడుతోంది.

"సత్తిబాబు గారు నేర్పేరన్నారు కదండీ?" అడిగింది షైనీ.

"చూపించేడు. అప్పుడు వచ్చినట్టే అనిపించింది, ఇప్పుడు రావట్లేదు" అన్నాడు సుభాష్, ఇసక దులుపుకుంటూ. కుక్కర్‌తో వచ్చిన కాగితాన్ని కూడా రెండుసార్లు చదివే మనిషికి ఇది రాకపోవడమేంటా అని షైనీకి వింతగా అనిపించింది. ఎండ ముదురుతోంటే ఆ ఆలోచన అక్కడితో వదిలేసింది.

చివరికి మంగరాజు తన చేపల వ్యాన్ మీదే టెంటుని విచ్చుకున్నది విచ్చుకున్నట్టు తాళ్ళేసి కట్టించాడు. మలికిపురం సెంటర్లో కొబ్బరికాయల లారీల మధ్య బండి ఆగితే, చుట్టూ జనం చేరిపోయారు. "ఏం వ్యాపారమండీ?" అని ఒకాయన ఎంతో మర్యాదగా అడిగాడు. వ్యాన్ ముందు సీట్లో కూర్చున్న జ్ఞానమ్మ, "ఇళ్ళు కట్టిస్తున్నామండీ, మోయగలిగితే ఒకటి తీసుకెళ్ళండి" అంది.

టెంటు రాజోలులో వాళ్ళ డాబా మీదకి ఎక్కింది. ఆ మిగిలిన మే నెలంతా బ్లెస్సీ అందులోనే. స్నేహితురాళ్ళు వచ్చినా అందులోనే, మామిడిపళ్ళు తిన్నా అందులోనే. "ఏమండీ, ఆ సత్తిబాబు గార్ని ఒకసారి అడగండి" అని షైనీ అన్నప్పుడల్లా సుభాష్ "అడుగుతాలే" అనేవాడు.

జూన్ వచ్చింది. షైనీకి సెలవు దొరక్క, సుభాష్ ఒక్కడే పిల్లని తీసుకుని విజయవాడ బస్సెక్కాడు. వాళ్ళు గుమ్మం దాటగానే షైనీ చీపురు అందుకోబోతే జ్ఞానమ్మ చెయ్యి పట్టుకుంది. "పిల్ల చేరేనని ఫోన్ చేసేదాకా ఇల్లు ఊడవకమ్మాయ్."

"ప్రార్థన చేసి పంపించేం కదండీ అత్తయ్యగారూ, ఇంకా ఈ పట్టింపులేంటండీ?"

"ప్రార్థన ప్రార్థనే. చీపురు చీపురే. ఊరెళ్ళినవాళ్ళ వెనకాల ఊడ్చేస్తే వాళ్ళని బయటికి తోసేసినట్టుంటాది."

సాయంత్రం ఫోన్ వచ్చింది. అప్పుడు ఊడ్చింది షైనీ. జడ రబ్బరు ఒకటి దొరికితే దాన్ని మాత్రం చేటలో వెయ్యలేక జాకెట్లో దోపుకుంది.

తొలకరి ముందే దిగింది. ఆ వారంలోనే ఓ సాయంత్రం ఆకాశం ఒక్కసారిగా కమ్ముకొచ్చి, ఈదురుగాలి లేచింది. షైనీ ఆరేసిన బట్టల కోసం డాబా మెట్లెక్కుతోంది. ఆఖరి మెట్టు మీద ఆగిపోయింది. గాలికి టెంటు ఎగిరిపోయేలా ఉంది. సుభాష్ దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, అంచులు రెండూ కలిపి పట్టి, ఒకసారి వంచాడు, చెయ్యి తిప్పాడు. అంత పెద్ద టెంటూ చక్కగా చుట్ట చుట్టుకుని ఆయన చేతిలో పళ్ళెమంత అయిపోయింది. సంచిలో పెట్టి జిప్పు లాగి, తల తిప్పేసరికి పెళ్ళాం కనబడింది.

"వచ్చా మీకు?" అంది షైనీ.

సుభాష్ తల దించుకున్నాడు.

"ఎప్పట్నుంచండీ?"

"సత్తిబాబు ఆ రోజే నాకు వచ్చేదాకా వదల్లేదు."

"మరి అంతర్వేదిలో అంత నాటకం ఎందుకాడేరు? ఇసకలో దొర్లేరు కదా!"

"మొదటిసారి నిజంగానే జారిపోయింది షైనీ" అన్నాడు. చేతిలో సంచి వంకే చూస్తూ, "తర్వాత... అది మడిచేస్తే ఇంక అయిపోయినట్టే అనిపించింది. పిల్ల పక్కన నిలబడి చూస్తోంది. నాకు చెయ్యాడలేదు" అన్నాడు.

షైనీకి తిట్టాలనిపించింది, నవ్వాలనిపించింది. రెండూ కుదర్లేదు. ఏప్రిల్ నుంచి ఈయన పెట్టిన వంకలూ, గీసి చెరిపిన సుద్దగీతలూ అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. పిచ్చి మారాజు అనుకుంది. చినుకులు మొదలయ్యాయి.

"తడిసిపోతారు, లోపలికి రండి" అంది. సంచి తనే అందుకుని, తీగ మీది బట్టలు లాగి ఆయనకి ఇచ్చింది.

హాల్లోకి రాగానే షైనీ సంచి జిప్పు తీసి, టెంటుని గచ్చు మీదకి విసిరేసింది. ఫట్టున విచ్చుకుని, సుద్దగీతలుండే చోటే కూర్చుంది. టీవీ చూస్తున్న జ్ఞానమ్మ ఉలిక్కిపడి, ఒక్క మాట కూడా అడక్కుండా లేచి, గుమ్మానికి వీపు పెట్టి వెనక్కి జరుగుతూ లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం హాస్టల్ నుంచి బ్లెస్సీ వీడియో కాల్ చేసింది. చదువు సంగతి, కూరల సంగతి అయ్యాక, వెనకాల నీలం రంగు కనబడింది కాబోలు, కిసుక్కున నవ్వింది.

"ఇంకా మడత పెట్టలేదా నాన్నా?"

సుభాష్ నోరు తెరిచేలోగా షైనీ ఫోన్ తన వైపు లాక్కుంది.

"మీ నాన్నకి ఆ మడత రాదమ్మా" అంది. "నువ్వొచ్చేక చూద్దాం."