మెడపట్టులో విన్న మాట

నేను చదివింది నాలుగో తరగతి వరకే. ఉత్తరాలు తప్ప ఇంకేమీ రాసిన మనిషిని కాను, వత్తులూ దీర్ఘాలూ తప్పిన చోట మీరే సరిచేసుకుని చదవండి. మొన్న మనుమరాలు నా మోకాళ్లకు పసుపు కలిపిన నువ్వుల నూనె రుద్దుతుంటే, ఆ వాసనకు మా ఊరి తాలీం గుర్తుకొచ్చింది.

మాది గోదావరికి ఇవతల, కరీంనగర్ జిల్లాలో, మగ్గాల వాళ్ల ఊరు. తాలీం అంటే కుస్తీ నేర్పే పెంకుటి కొట్టం. జల్లెడ పట్టిన ఎర్రమట్టిలో నూనె, పసుపు, పుల్లటి మజ్జిగ పోసి తవ్వి ఉంచేవారు, పొద్దున్నే అందులో కాలు పెడితే చల్లగా మడమల దాకా దిగేది. మల్లయ్య ఉస్తాద్ మాకు ఏడాది దాకా ఎత్తి పడేయడం నేర్పలేదు. కుడిచేయి ఎదుటివాడి మెడ వెనక కొక్కెంలా వేసి, మోచేయి వాడి రొమ్ముకు ఆనించి, ఎడమచేయి వాడి చంక కిందినుంచి వీపు మీదికి పోనిచ్చి, తలకు తల ఆనించి నిలబడటం, ఆ మెడపట్టు ఒక్కటే, అంతే. రెండు తలల మధ్య నిమ్మకాయ పెట్టేవాడు. అది పడితే ఇద్దరికీ యాభై బైఠక్‌లు.

"పట్టుల ఉన్నప్పుడు ఎదుటోడు మాట్లాడితె చెవులు మూస్కోరా. మాటతోనే చేతులు సడలిపిస్తడు" అనేవాడు.

నాకు పన్నెండేళ్లప్పుడు అవ్వా బాపూ, అంటే అమ్మానాన్నలు, మా రాజక్కను నది అవతల ఆదిలాబాద్ జిల్లా ఊరికి ఇచ్చారు. పెళ్లి భోజనాల్లో తన అన్నను రెండో బంతిలో కూర్చోబెట్టామని అక్క మామ పోచయ్య అలిగాడు. మొదటి బతుకమ్మకు కూడా అక్కను పంపలేదు. తంగేడు పూలు ఒళ్లో పెట్టుకుని అవ్వ చీకటి పడేదాకా గడపలోనే కూర్చుంది, ఆ ఏడు మా వాకిట్లో బతుకమ్మ పేర్చలేదు.

కామునిపున్నమి మర్నాడు వాళ్ల ఊళ్లో కుస్తీలు. బాపూ నేనూ నావలో నది దాటి పోయాం. ఇప్పపూల మత్తు వాసన, పిల్లల మెళ్లో ఎండుకొబ్బరి కుడుకల పేర్లు, మోదుగుపూల రంగుతో తడిసిన అంగీలు, మిర్చీలు వేగే పొగ, వీటన్నిటి మధ్య నిలబడి బాపు, పిల్లను నాలుగు రోజులు పంపమని మెల్లగా అడిగాడు. పోచయ్య నలుగురూ వినేలా నవ్వాడు.

"నీ కొడుకు తాలీంల మన్ను పిసుకుతుండట గదా బావా! మా సాయిలుగాని ఈపుకు మన్ను అంటిస్తే కోడలిని గిప్పుడే నావ ఎక్కిస్త. లేకుంటె మల్ల నా గడప తొక్కకు."

సాయిలు అక్కకు మరిది, నాకంటే రెండేళ్లు పెద్ద, జానెడు పొడుగు. బాపు నా మొహం చూడలేదు, నా చేతులు చూశాడు. ఆడవాళ్ల గుంపులో అక్క కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

డప్పు మోగింది. మెడలు పట్టుకున్నాం. సాయిలు అరచేయి నా మెడ మీద పడితే మూట మోపినట్టయింది. నేను ఎడమచేయి అతని చంక కిందికి దూర్చి, నుదురు అతని చెవికి ఆనించి, పాదాలు మట్టిలో పాతాను. ఎంత తోసినా కదలడు. చెమటకు నా వేళ్లు జారుతున్నాయి.

"వాని మెడ వంచురా సాయిలూ! గా బక్కోనికి గింతసేపా?" అని పోచయ్య అరుస్తున్నాడు.

అప్పుడు నా చెవిలో సాయిలు ఊపిరితో పాటు మాట వచ్చింది.

"బామ్మర్దీ, గట్టిగ పట్టు. నేను పడ్త. వదినె రోజు గోదారి దిక్కు చూసుకుంట ఏడుస్తుంది, తీస్కపో."

నమ్మి సడలిస్తే అక్క ఇక్కడే ఉండిపోతుంది. ఉస్తాద్ మాట తలచుకుని పళ్లు బిగించి పట్టు ఇంకా బిగించాను. సాయిలు కూడా బిగించాడు, నా కళ్లకు చీకట్లు కమ్మాయి. మెడను కిందికి గుంజాను, అతను పైకి లేపబోయాడు, ఆ ఊపులోనే చంక కింది చేయి ఎత్తి నడుము తిప్పాను. సాయిలు రెండు భుజాలూ మట్టికి తగిలాయి.

పోచయ్య వచ్చి కొడుకు చెంప పగలగొట్టాడు. సాయిలు చెంప తడుముకున్నాడే కానీ నా వైపు చూడలేదు. మాట ఇచ్చింది నలుగురిలో కాబట్టి ఆ పూటే అక్క మాతో నావ ఎక్కింది.

ఆ తర్వాత సాయిలు బావ నస్పూర్ బొగ్గు బాయిలో పనికి కుదిరాడు. ఆ రోజు కావాలనే పడ్డావా అని ఎప్పుడు అడిగినా, "నువ్వే గెల్సినవ్ తియ్ బామ్మర్దీ" అని నవ్వేవాడు. నేనూ అలాగే చెప్పుకుని తిరిగాను, నా పిల్లలకూ వాళ్ల పిల్లలకూ.

నిరుడు ఆయన పోయాడు. దినాల నాడు మొదటిసారి అక్కతో మెడపట్టులో విన్న ఆ మాట సంగతి చెప్పాను. అప్పుడు అక్క చెప్పింది.

"గా పొద్దు మామ పందెం కట్టంగనే, డప్పు మోగకముందే నా చీరెలు మూటగట్టి నావకాడ పెట్టొచ్చిండురా. ఎవలకు చెప్పకు వదినె అన్నడు."

ఇప్పుడు గోదావరి మీద వంతెన ఉంది, నావ లేదు. తాలీం పడగొట్టి సిమెంటు గోదాము కట్టారు. మెడపట్టు ఎలా వేయాలో అడిగే పిల్లవాడు మా ఊళ్లో ఒక్కడూ లేడు. రాతలో తప్పులుంటే పెద్దమనసుతో క్షమించండి. అరవై ఏళ్లుగా ఆ గెలుపు నాదని చెప్పుకున్నాను, దాన్ని కూడా క్షమించండి.