తంగేడు పొదలో జీడిమొక్క

మా అప్ప, అంటే మా అక్క, పోయిందని ఆమె మరిది ఫోన్ చేశాడు. "మీ అప్ప ఎల్లిపోయింది బావా. తోటలో పూత నిలిసిందా అనడిగింది. నిలిసిందన్నాను. అంతే." అప్ప గెలిచి వెళ్లింది. అందుకే దిగులుగా రాయలేకపోతున్నాను.

నౌపడ ఉప్పుమళ్లు దాటి భావనపాడు వైపు వెళ్తే, ఇసుక నేలలో వాళ్ల ఉమ్మడి జీడితోట ఉంది. అప్ప భర్త, మా బావ, పోయిన మరుసటేడు తుఫానుకి అది నేలమట్టమైంది. రొయ్యల చెరువు తవ్విద్దామన్నాడు మరిది.

"ఈ ఇసకలో ఇంకేటి బతుకుద్ది వదినా?"

"మళ్లీ మొక్కలేస్తాను. మూడు ఎండాకాలాలు సూడు. బతక్కపోతే సెరువే తవ్వించుకో."

రాలిన జీడిపిక్కలు ఏరడానికి వీలుగా కాపు చెట్ల కింద పొదలు నరకడం మాకు అలవాటు. ఆ అలవాటుతోనే అప్ప కొత్తగా వేసిన లేతమొక్కల చుట్టూ కూడా నరికేశాం. తొలి వేసవికే చాలా మొక్కలు మాడిపోయాయి. కంచె వారన, కత్తి పడని చోట, తంగేడు పొదల్లో ఇరుక్కున్నవి మాత్రం పచ్చగా ఉన్నాయి. అప్ప అక్కడ చతికిలబడి ఇసుక గోకింది.

"ఒరే, సెయ్యెట్టి సూడు. తడున్నాది."

"నీళ్లు పొదే తాగేయదా అప్పా?"

"తాగనీరా. నీడిస్తన్నాది, ఆకు రాలస్తన్నాది. ఊరికే తాగతన్నాదేటి?"

ఈసారి పొదల పక్కనే మొక్కలు పెట్టింది. మరిది నవ్వాడు.

"తోట పెంచుతున్నావా, అడివి పెంచుతున్నావా వదినా?"

"అడివికెవుడు నీళ్లు మోసాడో ముందు సెప్పు."

మొక్క పొదను దాటి తల ఎత్తాక అప్ప తంగేడు కొమ్మలు విరిచి, ఆ మొక్క మొదట్లోనే పరిచేది. "ఇన్నాళ్లూ నువ్వు కాసావు, ఇంక దానికి సోటియ్యి" అని పొదతోనే చెప్పేది. పొదను వేళ్లతో సహా పీకడం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

మూడో వేసవి చివర మరిది ఒక్కడే తోటంతా తిరిగి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"సెరువు మాట ఇంకెత్తను వదినా. అన్నమెట్టు."

"కాళ్లు కడుక్కో ముందు. అడివి తిరిగొచ్చావు."

అప్ప నవ్వు వీధి చివరిదాకా వినబడింది.

నిన్న తోటకు వెళ్లాను. పిక్క రాలే ముందు మరిది చెట్ల కింద శుభ్రం చేస్తున్నాడు. మొన్న వానాకాలంలో అప్ప పెట్టిన చివరి మొక్క దగ్గరికి వచ్చేసరికి కత్తి ఆపాడు. చుట్టూ తిరిగి అవతలికి వెళ్లి, మళ్లీ నరకడం మొదలుపెట్టాడు. వెనకాల, పసుపు పూల తంగేడులోంచి రెండు జీడాకులు బయటికి చూస్తున్నాయి.