చొప్ప నింపిన మగ్గం గుంట

ఆ మధ్యాహ్నం నేను బావి దగ్గర లేను. ఉన్నానని చెప్పాను. ఇంటిల్లిపాదీ నా మాటే నమ్మారు. నిజం తెలిసినవాడు మా అన్న ఒక్కడే, అతను చెబితే ఎవరూ వినలేదు.

నిజాం సర్కారు చివరి రోజులవి. నారాయణపేటలో మా మగ్గాల వాడ గంజి వాసనతో నిద్ర లేచేది. ఎండ ఎక్కకముందే వీధి పొడవునా పడుగు నూలు చాపి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వేవారు. మేకలు వాటి కింద దూరితే మా అవ్వ తిట్లు వాడంతా వినబడేవి. ఇళ్లలో గుంట మగ్గాలు. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించుకుని, అంచు మీద కూర్చుని నేస్తాం. అన్న పాడుతూ నేసేవాడు. పాట ఆగితే పోగు తెగిందని పక్కింటివాళ్లకు కూడా తెలిసేది.

ఎండాకాలంలో వాడ బావి పూడిక తీసే వంతు ఇంటింటికీ వచ్చేది. మా వంతు రోజు అన్న లోపలికి దిగాడు, నేను ఒడ్డున నిలబడ్డాను. పైనున్నవాడు తాడు వదలకూడదు. ఉండి ఉండి "ఉన్నవా?" అని పిలవాలి. కిందివాడు "ఉన్న" అనాలి. పక్క వాడలో పొట్టేళ్ల కొట్లాట జరుగుతోంది. తాడు రాతికి కట్టి, ఇప్పుడే వద్దాంలే అనుకుని పోయాను. నాకప్పటికి పద్దెనిమిదేళ్లు. తెలియని వయసేం కాదు.

తిరిగొచ్చేసరికి ఒడ్డు జారి, అన్న ఛాతీ దాకా మట్టిలో కూరుకుపోయి ఉన్నాడు. అరిచి జనాన్ని పోగు చేశాను. బయటికి తీశాక ఏమైందని నాయిన అడిగితే, అన్న ఏదో చూసి జడుసుకుని కేక పెట్టాడనీ, అంతలోనే మట్టి కూలిందనీ అన్నాను. మిగతా దయ్యం కథ వాడకట్టు వాళ్లే అల్లుకున్నారు.

అన్న బతికాడు గానీ, ఆ తర్వాత మగ్గం గుంటలోకి కాళ్లు దించలేకపోయాడు. దగ్గరికి పోగానే ఒళ్లంతా చెమటలు పట్టేవి. "పిలిచిన, ఎవ్వరు పలుకలే" అని నా మొహం చూసి అనేవాడు. తమ్ముడు ఒడ్డు మీదే ఉన్నాడు కదా బిడ్డా అని అమ్మ కళ్లు ఒత్తుకునేది. మతి చెదిరి అలా అంటున్నాడనుకుంది.

ఏ వైద్యం చేయించాలో ఇంట్లో తెగలేదు. మేనమామ పక్క ఊరి భూతవైద్యుణ్ణి తెస్తానన్నాడు. రంగుల దుకాణం సాయబు దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించమన్నాడు. దవాఖాన కంపౌండరు కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయని చెప్పి నిద్రమందు పోసిచ్చాడు. అవ్వ మాత్రం, వాణ్ణి తనకు వదిలేయమంది, మెల్లగా చూసుకుంటానంది. నాయిన నా వైపు తిరిగాడు.

"కండ్లార చూసినోనివి నువ్వే. చెప్పురా, ఏం జేద్దాం?"

అప్పుడు నిజం చెప్పి ఉండాల్సింది. భూతవైద్యుడు వస్తే నా అబద్ధం నిలబడుతుంది. మామ చెప్పినట్టే చేద్దామన్నాను.

వచ్చినవాడు దయ్యం మగ్గం గుంటలో కూర్చుందన్నాడు. అన్నను బలవంతంగా అందులోకి దించి, మిరపకాయల పొగ వేసి, వేపమండలతో కొట్టాడు. భుజాలు అదిమిపట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను. అన్న నన్నే చూశాడు. ఆ రోజు నుంచి మాట్లాడటం మానేశాడు.

అవ్వ పొగ కుండను వాకిట్లోకి విసిరికొట్టి, మేనమామ మీద పడింది.

"వాడు జడుసుకున్నడు, గంతే. జడుపును కొడితె పోతదా? నీ కొడుకును గూసోబెట్టి కొట్టుకో, పో."

మరునాడు ఆమె గుంట నిండా జొన్నచొప్ప కుక్కి, పైన గొంగడి పరిచింది. అన్నను దాని మీద కూర్చోబెట్టి నూలు కండెలు చుట్టించింది. కొన్నాళ్లకు ఇంత చొప్ప తీసేది. కాళ్లు కాస్త లోపలికి దిగేవి. వణికితే మళ్లీ కుక్కేది. పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తూ మధ్యమధ్య పిలిచేది, "ఏంరా పెద్దోడా, ఉన్నవా?" అని. చాలా రోజులు జవాబు రాలేదు. ఒక వాన రోజు, "ఉన్ననే అవ్వ" అని వినిపించింది. అవ్వ పెనం మీది రొట్టెను మరిచిపోయింది. ఆ మాడిన రొట్టెను అందరం పంచుకుని తిన్నాం. అంత రుచి మళ్లీ ఎరగను.

చొప్ప పూర్తిగా తీసేసే నాటికి అన్న మళ్లీ చీరె నేశాడు. పాట మాత్రం రాలేదు. తర్వాత అన్నకు పెళ్లయింది. అవ్వ పోయాక వదిన అలాగే "ఉన్నవా?" అని పిలిచేది. అమ్మా నాయినా నా అబద్ధాన్నే నమ్ముకుని కన్నుమూశారు. నేను పట్నంలో ఉద్యోగం వెతుక్కున్నాను. అన్నకు ఎదురుపడాల్సిన పని తప్పుతుందని కూడా.

మొన్న ఎండాకాలం పోయాను. వదిన బజారుకు వెళ్లింది. తలుపు తెరిచే ఉంది, అన్న గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. గడపలో నిలబడి పిలిచాను.

"అన్నా, ఉన్నవా?"

పోగును అటూ ఇటూ మోసే నాడె ఆగింది. "ఉన్న" అన్నాడు, తిరిగి చూడకుండా.

వెళ్లి గుంట అంచున కింద కూర్చున్నాను.

"ఆ దినం నువ్వు పిలిచినవు అన్నా. నేను లేను. పొట్టేళ్ల కొట్లాట చూడ వోయిన. బాయిల దయ్యం లేదు, గియ్యం లేదు. ఉన్నది నా అబద్ధమే. నిన్ను కొడుతుంటె భుజాలు గూడ పట్టుకున్న. నీ మాటనే నిజమని వదినెకు, పిల్లలకు, వాడకట్టుకు నేనే చెప్త. నన్ను మాఫ్ చెయ్యి."