కన్ను పెట్టని చేప

ఓడ డెక్ మీద పనిచేసినవాడి గోళ్లు ఊరికే ఉండవు. ఎక్కడైనా రంగు పొంగినట్టు కనిపిస్తే చాలు, బొటనవేలు దాని కిందికి దూరిపోతుంది. దువ్వాడ స్టేషన్‌లో బెంచీ, సిటీ బస్సు కిటికీ, బ్యాంకులో క్యూ కోసం పెట్టిన ఇనుప కడ్డీ, దేన్నీ వదల్లేదు నేను. పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు కూడా గుమ్మంలో నిలబడి కాబోయే మావగారితో మాట్లాడుతూనే వాళ్ల తలుపు రంగు అరచేతి మేర ఒలిచేశాను. పిల్లనైతే ఇచ్చారు గానీ, ఆ తలుపు సంగతి ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు.

ఇది జబ్బు కాదు, ఉద్యోగం నేర్పిన అలవాటు. ఉప్పుగాలికి ఇనుము ఆగదు. రంగు బుడగలా లేచిందంటే కింద తుప్పు మొదలైందన్నమాట. దాన్ని సుత్తితో కొట్టి, గీకి, వైరు బ్రష్షుతో తోమి, ఇనుము తెల్లగా బయటపడ్డాక ఎర్ర ప్రైమరు వేసి, దాని మీద మళ్లీ రంగు కొట్టాలి. ఓడ ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లేసరికి మొదలుపెట్టిన చోట మళ్లీ పొంగుతుంది. చూసీ చూడనట్టు పోయామా, డెక్ పనివాళ్లందరికీ పెద్ద అయిన బోసన్ మన ఏడు తరాలనూ తిట్టి పోస్తాడు.

ఓడ ఎక్కకముందు కూడా నాది రంగుల పనే. తొంభైల్లో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పడవల ముక్కుల మీద బొమ్మలు వేసేవాణ్ణి. చేపలు, తామరపూలు, రెక్కలున్న పులులు, ఎవరేది అడిగితే అది. మా నాన్నకు సొంత పడవ ఉండేది. నేను వేటకు పనికిరానని ఆయన తొందరగానే తేల్చేశాడు. నలుగురూ వల లాగుతుంటే ఒకడు నీళ్ల రంగు చూస్తూ నిలబడిపోతే ఎవరు మాత్రం ఊరుకుంటారు? బొమ్మలకు మాత్రం అందరూ నన్నే పిలిచేవారు. ఒక్క కన్ను తప్ప అంతా నేనే వేసేవాణ్ణి.

మా వీధిలో కన్ను బొమ్మ వేసినవాడు పెట్టడు. చేప పూర్తయ్యాక ఆ పడవ తాలూకు ఇంటి ఆడమనిషి వచ్చి, ఉంగరం వేలు నల్లరంగులో ముంచి, కన్నుండే చోట ఒక్కసారి అద్దుతుంది. ఆ తర్వాతే పడవ నీళ్లలోకి దిగుతుంది. కన్ను లేని పడవకు ఇంటిదారి కనపడదని నమ్మకం. మా అమ్మ చేతికి మంచి పేరుండేది. ఇంట్లో ఆడదిక్కు లేనివాళ్లు ఆవిణ్ణే పిలిచేవారు. చేపలమ్మి వస్తూ వస్తూ గంప దించి, కన్ను పెట్టి, కిరసనాయిలు గుడ్డతో వేలు తుడుచుకుని ఇంటికి పోయేది.

నాకేమో బొమ్మ మీద మనసు నిలిచేది కాదు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఓడ కదిలిందంటే నా చెయ్యి ఆగిపోయేది. అక్క మొగుడు, మా బావ, పడవ మీద కూర్చుని ఏడిపించేవాడు.

"ఏటి బామ్మర్దీ, ఓడ నీకేటైనా సెప్పి ఎల్తాదేటి? ముందు ఆ తోకకి రంగెయ్యి."

చెప్పే వెళ్తోందని నాకనిపించేది. ముంబైలో ఆఫీసుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగి, చెప్పులరిగిపోయాక, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో డెక్ మీద పని దొరికింది. ఎక్కాక తెలిసింది, ఓడంతా బూడిదరంగేనని. పొద్దున్న లేస్తే బూడిదరంగు, అన్నం తినొచ్చాక బూడిదరంగు. ప్రైమరు ఎరుపు కనిపించిన రోజు పండగలా ఉండేది.

ఆ మొదటి కాంట్రాక్టులోనే మా ఓడ చిలీ దేశంలో వల్పరాయిసో అనే రేవుకు చేరింది. డెక్ మీద నుంచి చూశాను. సముద్రం మీదకు వంగినట్టు కొండలు, కొండల నిండా ఇళ్లు, రేవు పక్కనే చేపల జట్టీ. మన ఊరినే ఎవరో ఎత్తి తెచ్చి, రంగులు పులిమి ఇక్కడ పెట్టారా అనిపించింది. రంగులంటే మామూలు రంగులు కావు. ఒక ఇల్లు పసుపు, దాన్నానుకుని ఊదా, దానిపైన గులాబీ. సరుకు ఏజెంటు తాలూకు డ్రైవరు చేతులు తిప్పుతూ చెప్పిందాన్నిబట్టి, ఆ కొండ మీద సందుల్లో గోడలకు ఆ దేశపు గొప్ప చిత్రకారులు బొమ్మలు వేశారు, వాటిని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. నాకింక కాళ్లు నిలవలేదు. ఓడ ఆ సాయంత్రమే బయల్దేరుతుంది. మధ్యాహ్నం షోర్ పాస్ ఇచ్చారు. ఆ కార్డు ఉంటేనే రేవు గేటు దాటనిస్తారు, తిరిగి రానిస్తారు.

బోసన్ నాతో వచ్చాడు. ఆయనది విశాఖ పాతూరు. వాళ్ల నాన్నకు అక్కడ అత్తరు కొట్టుండేదట. ఆ వాసన పడక ఓడెక్కానని నవ్వుతూ చెప్పేవాడు. నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ణి.

మెట్లెక్కుతున్నకొద్దీ మరో సంగతి కనిపించింది. ఇళ్ల గోడలకు రేకులు కొట్టున్నాయి, ఆ రేకులకు వేసినవి ఓడ రంగులు! ఒక తలుపుది అచ్చం మా ప్రైమరు ఎరుపు. మా వీధిలోనూ అంతే. ఓడలకు రంగులు వేయగా మిగిలిన డబ్బాలు ఎలా వస్తాయో వస్తాయి, తలుపులకు పూసేస్తారు. నేను ఆ తలుపును తడుముతుంటే భాయ్ భుజం మీద కొట్టాడు.

"సొంతిల్లు దొరికిందా? నడువ్ తమ్ముడూ, జల్దీ."

మలుపు తిరగ్గానే ఆ బొమ్మలు. గోడ పొడవునా, మనిషికి రెండింతల ఎత్తున. ముఖాలున్నాయి, ముఖాల్లాంటివున్నాయి, ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియనివున్నాయి. సంతోషం వేస్తుందనుకున్నాను. కోపం వచ్చింది. నెలల తరబడి నన్ను బూడిదరంగులో ముంచి, ఇక్కడ వీళ్లు దారిన పోయే కుక్కలకు కూడా ఇన్ని రంగులు చూపిస్తారా? ఒక్కో గోడ దగ్గర నిలబడదామనుకుంటాను, పక్క గోడ లాగేస్తుంది. దాని దగ్గరకు పోతే వెనకది పిలుస్తుంది. దేన్నీ తిన్నగా చూడలేదు.

ఒక గోడ దగ్గర మాత్రం ఆగాను. నీలం మీద మట్టిరంగులో ఏదో ఉంది, పక్షి రెక్కో, తెరచాపో. దాని కింది మూల రంగు పొంగి ఉంది. అక్కడా ఉప్పుగాలే కదా. నేను పై బొమ్మనే చూస్తున్నాను. నా బొటనవేలు దాని పని అది చేసుకుపోయింది. టప్‌మని శబ్దమయ్యాకే కిందికి చూశాను. గుప్పెడు నీలం పెచ్చులు నా బూట్ల మీద ఉన్నాయి.

"అరే, ఏటి చేసినావ్ రా! అది ఓడ కాదురా, గోడ!" అని భాయ్ తల పట్టుకున్నాడు.

ఎదురింటి గుమ్మంలోంచి ఒక ముసలావిడ వాళ్ల భాషలో అరుస్తూ వచ్చింది. వచ్చి నా చొక్కా పట్టుకుంది. జేబులోంచి షోర్ పాస్ లాగి తన జేబులో వేసుకుని బొత్తం పెట్టేసింది.  పాస్ లేకపోతే గేటు దాటలేను. ఓడ వెళ్లిపోతే నేను ఓడ వదిలి పారిపోయినవాడి కింద లెక్క, మళ్లీ ఏ కంపెనీ గడప తొక్కనివ్వదు. అన్నేళ్లు ముంబైలో తిరిగింది ఒక బొటనవేలి పాలు. భాయ్ దండాలు పెట్టాడు, చెవులు పట్టుకున్నాడు. ఆవిడ చూడనైనా చూడలేదు. పెచ్చులు ఏరమని నాకు వేలితో చూపించింది. ఏరాను.

అప్పుడు ఏం చెయ్యాలో తోచక నా చేతులు చాపి చూపించాను. గోళ్ల మొదళ్లలో ఎంత కడిగినా పోని బూడిదరంగు. కింద రేవులో మా ఓడను చూపించి, సుత్తితో కొట్టినట్టు, గీకినట్టు నటించాను. ఆవిడ గోళ్లు చూసింది, ఓడను చూసింది. లోపలికి వెళ్లి ఒక పాత కత్తి తెచ్చి నా చేతిలో పెట్టి, తన ఇంటి రేకు గోడ చూపించింది. తలుపు పక్కన రేకంతా పొంగి తుప్పుపట్టి ఉంది. గీకడం అంత సరదా అయితే ఇక్కడ గీకు అనడానికి ఏ భాషా అక్కర్లేదు.

గీకాను. జీవితంలో అంత శ్రద్ధగా ఎప్పుడూ గీకలేదు. రేకు బయటపడ్డాక ఆవిడ మెట్ల కిందనుంచి రంగు డబ్బాలు తెచ్చింది, అన్నీ ఓడ డబ్బాలే. ఎర్రది పల్చగా కొట్టాను. ఎండకు రేకు కాలుతోంది, రంగు ఇట్టే పట్టేసింది. అక్కడితో ఆపొచ్చు. పక్కన పసుపు డబ్బా ఉంది, తెలుపుంది, నీలముంది. ఎదురుగా ఆ గోడలు నన్నే చూస్తున్నాయి. చెయ్యి ఆగితేనా? ఫిషింగ్ హార్బర్‌లో వేసే చేపను వేశాను, పసుపు పొట్ట, నీలం వీపు, విసనకర్రలాంటి తోక. భాయ్ వెనకనుంచి జల్దీ జల్దీ అంటూనే ఉన్నాడు. ఆవిడ తిట్టడం ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు.

కన్ను దగ్గరకొచ్చేసరికి బ్రష్షు పైకెత్తి, అలవాటుగా వెనక్కి తిరిగాను, రావాల్సిన మనిషి కోసం. ఆవిడ అప్పటికే బొత్తం విప్పి పాస్ తీసింది. నా జేబులో పెట్టి, దాని మీద చెయ్యేసి రెండుసార్లు తట్టింది. భాయ్ నా రెక్క పట్టుకుని మెట్ల మీద లాక్కుపోయాడు. గేటు దాటి ఓడెక్కి తాళ్లు లాగుతూ కొండవైపు చూసినప్పుడు గుర్తొచ్చింది, చేపకు కన్ను లేదని.

ఇంటికొచ్చాక ఈ కథంతా నవ్వుతూ చెప్పాను. అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు.

"కన్నెవులెట్టినారు?"

"ఎవులూ ఎట్టనేదే అమ్మా."

"సముద్రం ఒడ్డున కన్ను నేని సేపనొగ్గీసి వొచ్చీసినావా?"

"అది ఇంటి గోడే. ఇల్లు సముద్రానికెల్దు కదా?"

"ఇల్లెల్దు. నివ్వెల్తావు."

 ఆ చేపకు కన్ను పెట్టేదాకా నా చేతి బొమ్మకు తాను కన్ను పెట్టనంది. అమ్మ పెట్టనన్నాక వీధిలో ఇంకే ఆడదీ ముందుకు రాలేదు. బావ కూడా తన పడవ బొమ్మ ఇంకొకడికి ఇచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది. సెలవు పూర్తికాకుండానే ఇంకో కాంట్రాక్టు ఒప్పుకున్నాను. బయల్దేరేటప్పుడు అమ్మ ఎల్లిరా అనలేదు. గంప ఎత్తుకుని జట్టీకి పోయింది.

తర్వాతి ఏళ్లన్నీ అలాగే గడిచాయి. ఓడ మీదుంటే ఇల్లు పీకేది, ఇంటికొస్తే ఓడ పీకేది. పెళ్లయ్యాక కూడా అంతే. ఇంకా ఎన్నో రేవుల్లో గోడల మీద బొమ్మలు చూశాను, జేబుల్లో చేతులు పెట్టుకుని. అమ్మది మూఢనమ్మకమని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. చెప్పుకుంటూనే ఆ చేప ఎటు చూస్తోందో అనుకునేవాణ్ణి. చూడ్డానికి దానికి కన్నేదీ? అమ్మ మాత్రం ప్రతిసారీ, నేను సంచీ సర్దుకునే వేళకు గంప ఎత్తుకునేది.

ఒక సెలవులో నేను ఇంటి దగ్గరుండగా భాయ్ వచ్చాడు. అప్పటికి ఆయనా నేనూ వేరే వేరే ఓడల్లో ఉన్నాం. చేతిలో ఒక ఫోటో.

"మళ్లీ ఆ ఊరెళ్లినాను తమ్ముడూ. నీ చేప ఉంది."

రంగు వెలిసింది, తోక దగ్గర మళ్లీ తుప్పు లేచింది. కన్ను ఉంది. నల్లగా, గుండ్రంగా, పెద్దగా, కొంచెం వంకరగా. పైన పొడుగాటి రెప్పవెంట్రుకలు! ఆవిడే పెట్టిందట. భాయ్‌ని గుర్తుపట్టి, వేలు చూపించి మరీ చెప్పిందట.

అమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని ఫోటో అందుకుంది. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"సేపకి రెప్పలుంతాయేటి! ఈవిడెవులో గానీ పుట్టి బుద్దెరిగి సేప కోసినట్టు నేదు," అని నవ్వడం మొదలుపెట్టి, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. "ఆడమనిసే ఎట్టింది. ఇంటావిడే ఎట్టింది," అంది.

ఆ వారమే బావ పడవకు కొత్త రంగు. ఎవరూ అడక్కుండానే బ్రష్షులు తీసుకుని వెళ్లాను, ఎవరూ వద్దనలేదు. చేప పూర్తయ్యాక, నువ్వే కన్ను పెట్టమని అక్క పిలిస్తే అమ్మ వచ్చింది. ఉంగరం వేలు ముంచి కన్ను అద్దింది. అక్క కిరసనాయిలు గుడ్డ అందించింది. అమ్మ తీసుకోలేదు. నా చేతిలో సన్న బ్రష్షు లాక్కుని, నాలుక పళ్ల మధ్య బిగించి, కన్ను పైన రెప్పవెంట్రుకలు గీసింది.

"ఏటత్తా ఇది? జట్టీలో నలుగురూ నవ్వుతారు!" అన్నాడు బావ.

"నవ్వనీ బాబూ. అదీ ఇదీ అక్కసెల్లెల్లు."

పడవ దిగింది. జట్టీలో నవ్వారు కూడా. నాలుగు రోజులు తిరక్కుండానే ముంబై నుంచి నాకు ఓడ పిలుపొచ్చింది. అమ్మతో ఎలా చెప్పాలా అని గుమ్మంలో నిలబడి తలుపు రంగు గోకుతున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఎండుచేపల పొట్లం అందులో పెట్టింది.

"ఎల్లిరా," అంది.