ఉత్తరం వెనక తడిమి చూశాను

ఇంగ్లీషు అక్షరాల సంగతి నేను ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. ఏలూరు గ్రంథాలయంలో చదువుకున్నాను. పుస్తకం చివరి పేజీలో, ఏ అక్షరంతో అచ్చు వేశారో చెప్పే నాలుగు లైన్లు కూడా వదిలేవాణ్ణి కాదు. పాతకాలపు పాదాల అక్షరం నాకు అలా పరిచయమైంది. దాని గీతల చివర చిన్న పాదాలుంటాయి. కలంతో రాసినట్టు లావూ సన్నమూ నెమ్మదిగా మారతాయి. గుండ్రటి అక్షరాలు కాస్త వెనక్కి వాలి ఉంటాయి. ఎంతసేపు చదివినా కన్ను అలిసిపోదు. అందుకే బైబిళ్లకీ, లా పుస్తకాలకీ, చర్చి కాగితాలకీ దాన్ని ఇష్టపడేవారు. నాకు దానిమీద అనుమానమూ అందుకే. అందులో ఏం అచ్చు వేసినా నిజంలాగే కనిపిస్తుంది.

మా మేనకోడలికి ఉండి అనే ఊరి అబ్బాయితో పెళ్లి కుదిరింది. చేపల చెరువుల్లో నీళ్లు పరీక్షించే ఉద్యోగం. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమంటూ మా చర్చిలో మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదవాలంటే, అబ్బాయి తమ సభ్యుడేననీ, పెళ్లి కాలేదనీ వాళ్ల చర్చి ఉత్తరం ఇవ్వాలి. అది వచ్చింది. మన పాస్టరు అయ్యగారికి ఇచ్చి రమ్మని అక్క నా చేతికిచ్చింది.

పైన చర్చి పేరు ఆ పాత అక్షరంలోనే ఉంది. కాగితం తిప్పి బొటనవేలితో తడిమాను. పాత ప్రెస్సుల్లోని సీసపు అక్షరమైతే కాగితంలోకి దిగుతుంది, వెనక గరుకు తగలాలి. నున్నగా ఉంది. కంప్యూటర్లో కొట్టేవాళ్లు అందులో ముందే ఉన్న అక్షరం వాడతారు గానీ, పనిగట్టుకుని పాతది వెతికి పెట్టడం ఎందుకు? పైగా ‘ఆర్’ అక్షరానికి కాలు విరిగి ఉంది. దొంగపని చేసినవాడి తొందర అనుకున్నాను.

ఉత్తరం జేబులోనే ఉంచేశాను. ఆ ఆదివారం ప్రకటన చదవలేదు. అక్కకి మరిచిపోయానని చెప్పాను. మేనకోడలు మాత్రం నమ్మలేదు.

“అతని గురించి నేను అన్నీ కనుక్కున్నానండీ, మావయ్యా” అంది.

సోమవారం కైకలూరు మీదుగా ఉండి ఊరికి వెళ్లాను. అక్కడి అయ్యగారు పెద్దాయన. టీ ఇప్పించి, నా అనుమానమంతా ఓపిగ్గా విన్నారు. బీరువాలోంచి ఓ పాత కాగితం తీసి ఉత్తరం పక్కన పెట్టారు. రెండింటిలోనూ ‘ఆర్’ కాలు ఒకేచోట విరిగి ఉంది. పాతదాని వెనక తడిమితే గరుకు.

“మాకు అచ్చు వేసే ప్రెస్సు మూసేశారండీ. కంప్యూటర్ షాపులో ఏ అక్షరం చూపించినా మా పెద్దలకి నచ్చలేదు. ఆఖరికి దీన్నే ఫొటో తీయించి పెట్టుకున్నాం” అన్నారు. పాత కాగితం బీరువాలో పెట్టేస్తూ, “అబ్బాయి గురించి ఏమైనా అడుగుతారాండీ?” అన్నారు.

అడగడానికి నా దగ్గర ఒక్క ప్రశ్న కూడా లేదు. అంత దూరం అక్షరం గురించే వెళ్లాను.

నేను ఇంటికి చేరేలోపే, వాళ్ల అయ్యగారి దగ్గర సంగతి విన్న అబ్బాయి మేనకోడలికి ఫోన్ చేసి చెప్పేశాడు. మేనకోడలు గుమ్మంలోనే చెయ్యి చాపింది.

“ఇలా ఇవ్వండి. అయ్యగారికి నేనే ఇచ్చుకుంటాను.”

తీసి ఇచ్చాను. అక్షరాల వంక చూడనైనా చూడకుండా మడిచి బైబిల్లో పెట్టుకుంది. ఇచ్చే ముందు నేను మాత్రం, అలవాటుకొద్దీ, ఇంకోసారి వెనక తడిమాను.